ఏడాదికెన్ని పుస్తకాలు? సార్వాకీ దాళ్వాకీ మధ్య చదువు లెక్క

జనవరి ఒకటిన డైరీ మొదటి పేజీలో "ఈ ఏడు 52 పుస్తకాలు" అని రాసుకున్నవాళ్లు చాలామంది దాళ్వా (రబీ వరి) కోతల నాటికి ఆ డైరీ తెరవడం మానేస్తారు. వాళ్లకి చదువు మీద ఇష్టమేమీ పోదు. వేసుకున్న లెక్కే ఇంటి పనికీ ఊరి కాలానికీ కుదరదు. సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా పండే గోదావరి డెల్టాలో ఏడాది పన్నెండు సమానమైన ముక్కలుగా నడవదు. ఊడ్పుల (నాట్ల) నెలలో దొరికే తీరిక వేరు, కాలువలు కట్టేసిన నెలలో దొరికేది వేరు. దాళ్వాకి నీళ్లు చాలనప్పుడు కాలువ కింద వంతులు వేసుకున్నట్టే చదువుకీ వంతులు వేసుకోవాలి. ఆ వంతుల్ని పుస్తకాల లెక్కన వేసుకోవాలా, పేజీల లెక్కనా, నిమిషాల లెక్కనా అన్నది మొదటి ప్రశ్న. ఏ పుస్తకాలు, ఎక్కణ్ణుంచి అన్నది రెండోది.

వేగం కొలిచాకే లక్ష్యం

ఏ రకం లక్ష్యానికైనా ముందు చిన్న పని ఒకటుంది. ఇప్పుడు చదువుతున్న పుస్తకంలో మధ్య భాగం నుంచి పది పేజీలు, రోజూ చదివినట్టే చదివి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. పుస్తకం మొదటి పేజీలతో కొలవొద్దు. పాత్రల పేర్లూ వరసలూ పట్టుబడేదాకా ఎవరైనా నెమ్మదిగానే చదువుతారు. పొద్దున్న ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి కొలిచి, రెండింట్లో తక్కువ వేగాన్నే లెక్కకి తీసుకోండి. పది పేజీలకి 18 నిమిషాలు పట్టిందంటే పేజీకి 1.8 నిమిషాలు. అరగంటకి 16 పేజీలన్నమాట.

రెండో అంకె, నిజంగా చదవగలిగే రోజులు. 365లోంచి పెద్ద పండగకి వారం తీసేయండి. వ్యవసాయం ఉన్న ఇల్లయితే ఊడ్పులకి 18 రోజులు, రెండు పంటల కోతలూ మాసూళ్లూ (నూర్పిళ్లూ) కలిపి నెల రోజులు పోతాయి. పెళ్లిళ్లు, ప్రయాణాలకి 15, ఒంట్లో బాగోకపోవడం లాంటి అనుకోనివాటికి మరో 15. మొత్తం 85 పోగా మిగిలేవి 280. ఉద్యోగస్తులైతే ఊడ్పుల రోజులు తీసేసి, ఆఫీసులో పని ముంచెత్తే మార్చి నెల వేసుకోవాలి. పిల్లలున్న ఇంట్లో పరీక్షల రోజులూ పోతాయి.

పుస్తకానికి సగటున 220 పేజీలు, ఏడాదికి 280 రోజులు, పైన చెప్పిన వేగం అనుకుంటే లెక్క ఇలా తేలుతుంది:

- 12 పుస్తకాలకి రోజుకి 9, 10 పేజీలు. 17 నిమిషాలు.
- 24 పుస్తకాలకి రోజుకి 19 పేజీలు. 34 నిమిషాలు.
- 52 పుస్తకాలకి రోజుకి 41 పేజీలు. గంటా పావు.

రోజూ గంటా పావు కూర్చోగలిగినవాళ్లకి 52 మంచి లక్ష్యమే. కూర్చోలేనివాళ్లు ఆ అంకె పెట్టుకుంటే మూడో నెలకే వంద పేజీల పుస్తకాల కోసం వెతకడం మొదలుపెడతారు.

ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవాళ్లు తెలుగు వేగాన్ని విడిగా కొలుచుకోవాలి. ఇంగ్లీషులో పేజీ రెండు నిమిషాల్లో చదివేవాళ్లకి తెలుగు పేజీ నాలుగైదు నిమిషాలు పట్టడం మామూలే. వాళ్లు తెలుగుకి రోజుకి అయిదు పేజీలతో మొదలుపెట్టి, రెండు నెలలకొకసారి మళ్లీ కొలుచుకుంటే చాలు. వేగం పెరిగేది ఎక్కువ గంటలు చదవడం వల్లకంటే రోజూ చదవడం వల్లే. ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా కూడబలుక్కోవడం పోయి, మాట మొత్తం ఒక్కసారిగా కంటికి ఆనడానికి ఆ అలవాటు కావాలి.

పుస్తకాలా, పేజీలా, నిమిషాలా?

పుస్తకాల లెక్క తేలిక. నలుగురికి చెప్పుకోడానికి బాగుంటుంది, గుడ్‌రీడ్స్ లాంటి యాప్‌లు ఎక్కువగా ఆ లెక్కే అడుగుతాయి. దాని లోపం కూడా అందులోనే ఉంది. 64 పేజీల కవితా సంపుటి ఒకటే, వెయ్యి పేజీల దరిదాపుల్లో ఉండే విశ్వనాథ సత్యనారాయణ నవల 'వేయిపడగలు' ఒకటే. రోజుకి 16 పేజీల చొప్పున ఆ నవలకి రెండు నెలలు దాటుతుంది. పుస్తకాల లెక్క పెట్టుకున్నవాళ్లు దాన్ని ఎప్పటికీ అటక మీద నుంచి దించరు. పైగా యాప్‌లలో తెలుగు పుస్తకాలు చాలావాటికి పేజీల సంఖ్య ఉండదు, ఒకే పుస్తకం రెండు మూడు స్పెల్లింగులతో కనిపిస్తుంది. నోటు పుస్తకమే నయం.

పేజీల లెక్క లావు పుస్తకానికి న్యాయం చేస్తుంది. 220 పేజీల లెక్కన 20 పుస్తకాలంటే 4,400 పేజీలు. దాన్ని 4,500 చేసుకుని, ఏది చదివితే అది అందులో జమ వేసుకోవచ్చు. కానీ పేజీ అనే కొలత అన్ని పుస్తకాల్లో ఒకటి కాదు. పాత ముద్రణల్లో చిన్న అక్షరాలు, ఇరుకైన పంక్తులు. కొత్త పుస్తకాల్లో పెద్ద అక్షరాలు, వదులైన పంక్తులు, అధ్యాయానికొక ఖాళీ పేజీ. అదే నవల కొత్త ముద్రణలో యాభై, అరవై పేజీలు పెరగడం వింతేం కాదు. పాత ముద్రణ చదువుతున్నప్పుడు వెనకబడ్డామని కంగారు పడనక్కర్లేదు. పంక్తులు లెక్కపెట్టి, మామూలు పేజీకి 24 అనుకుంటే 36 ఉన్నదాన్ని పేజీన్నర కింద రాసుకోండి.

పేజీల లెక్కకి అసలు లొంగనిది పద్యం. నన్నయ రాజమహేంద్రవరంలో మొదలుపెట్టిన భారతం చదవాలనుకునేవాళ్లు డెల్టాలో ఇప్పటికీ ఉన్నారు. ఉండాలి కూడా. కానీ ఒక్క సీస పద్యం అన్వయం కుదిరి, అర్థం తెలిసి, మళ్లీ ఒకసారి పైకి చదువుకునేసరికి పది నిమిషాలు అయిపోతుంది. దానికి నిమిషాల లెక్కే సరైనది. రోజుకి 20 నిమిషాలు, ఎన్ని పద్యాలయితే అన్ని. ప్రతిపదార్థాలు ఉన్న ప్రతే తీసుకోండి, తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు వేసిన సంపుటాలు అలాంటివే. వట్టి మూలంతో మొదలుపెట్టినవాళ్లు నిఘంటువు తిరగేస్తూ అలిసిపోయి ఆదిపర్వం దాటరు. చరిత్ర, ఆర్థిక శాస్త్రం, పోటీ పరీక్షలకి పనికొచ్చే బరువైన పుస్తకాలకీ నిమిషాల లెక్కే మేలు. నిమిషాల లెక్కలో జరిగే తప్పు ఒకటే: పుస్తకం ఒళ్లో, ఫోను చేతిలో. ఫోను పక్క గదిలో పెట్టి, గోడ గడియారం చూసుకోవాలి.

ఇంకొకటి ఉంది, పట్టిక లక్ష్యం. గోదావరి జిల్లాల రచయితలు పదిమంది, లేకపోతే ఒకే రచయిత కథలన్నీ, ఇలా. చదువుకి ఒక దారి ఏర్పడుతుంది కాబట్టి ఫలితం బాగుంటుంది. కానీ తెలుగులో చాలా పుస్తకాలు ఒక ముద్రణ అయిపోతే ఏళ్ల తరబడి దొరకవు. పది చదవాలనుకుంటే పదిహేను పేర్లు రాసుకుని, పట్టిక ఖాయం చేసే ముందే ఏది ఎక్కడ దొరుకుతుందో పక్కన రాసుకోండి.

ఎక్కువమందికి సరిపడేది పేజీల లెక్క, దానికి తోడు ఒకే ఒక్క లావు పుస్తకం. వారంలో నాలుగు రోజులకి మించి ఇంట్లో ఉండని వాళ్లకి, చంటిపిల్లల తల్లులకి నిమిషాల లెక్క నప్పుతుంది. పది నిమిషాలు దొరికినా అది జమే. పుస్తకాల లెక్క హైస్కూలు పిల్లలకి వదిలేయొచ్చు. పూర్తయిన పుస్తకాల దొంతర కళ్లకి కనబడటం వాళ్లని ముందుకి నడిపిస్తుంది.

ఏడాదిని పంటల లెక్కన పంచుకోవడం

మొదలుపెట్టడానికి జనవరి ఒకటి కన్నా ముక్కనుమ మర్నాడు మంచిది. కొత్త అల్లుళ్లూ చుట్టాలూ వెళ్లిపోతారు, ఇల్లు సద్దుమణుగుతుంది. కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం నుంచి తెచ్చుకున్నవీ చేతిలో ఉంటాయి. ఉగాదికి మొదలుపెట్టడం వినడానికి బాగుంటుంది కానీ రైతు కుటుంబాలకి వెనకే దాళ్వా కోతలొస్తాయి, మూడు వారాలకే తెగిపోతుంది.

సంక్రాంతి నుంచి మార్చి దాకా రోజువారీ పేజీలు పూర్తిగా పెట్టుకోవచ్చు. ఏప్రిల్‌లో సగం చేయండి. కోతలయ్యాక కాలువలు కట్టేసి, మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఉన్న రోజులు లావు పుస్తకానివి. పిల్లలకి సెలవులు, మధ్యాహ్నం ఎండకి బయట అడుగు పెట్టలేం. రోజుకి 25 పేజీల చొప్పున 40 రోజుల్లో వెయ్యి పేజీలు గడుస్తాయి. పెళ్లిళ్లు అడ్డొచ్చినా జూన్ రెండో వారానికి అవుతుంది.

నారుమళ్లు, ఊడ్పులు, వరదల రోజుల్లో నవల పట్టుకోవద్దు. రెండు రోజులు వదిలేస్తే పాత్రలు మర్చిపోతాం. అప్పటికి కథల పుస్తకాలు, వ్యాసాలు. కథ ఒకటి పది, పదిహేను పేజీల్లో అయిపోతుంది, తెగిన చోట అతకాల్సిన పని లేదు. దసరా ముందూ వెనకా మళ్లీ నిండు వంతు. అక్టోబరు, నవంబరు తుపాన్లకి కరెంటు పోయే రోజులుంటాయి, అప్పుడు ఫోనులోని పుస్తకం చేతికందదు. పెద్ద అక్షరాల కాగితం పుస్తకం ఒకటి పక్కన ఉంచుకోండి. సార్వా మాసూళ్లలో మళ్లీ కథలే.

భీమవరం, ఉండి వైపు చెరువుల మీద బతికేవాళ్ల కాలెండరు ఇంకోలా ఉంటుంది. రొయ్య పంట మూడు, నాలుగు నెలలు. మేత వేళలూ ఏరియేటర్లూ (నీళ్లకి గాలి పట్టించే యంత్రాలు) చూసుకుంటూ గట్టు మీద గడిపే రాత్రుళ్లు చాలా ఉంటాయి కానీ అక్కడ లైటు వేస్తే పురుగులు ముసురుతాయి, ఏరియేటర్ల మోతలో ఆడియో పుస్తకం వినబడదు. వెలుగు తక్కువ పెట్టుకుని ఫోనులో చదవడమే కుదురుతుంది. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టే రోజులు వాళ్లకి వేసవి సెలవుల్లాంటివి. లావు పుస్తకం అప్పటికి దాచుకోవాలి.

ఏరుకోవడం

అట్ట వెనక రాసినది చూసి కొనొద్దు. అది అమ్మడానికి రాసింది. పుస్తకం మధ్యలో తెరిచి రెండు పేజీలు నిలబడే చదవండి. ఆ భాష మీ చెవికి ఇంపుగా ఉందా, మూడో పేజీ చదవాలని ఉందా అని చూసుకోండి. ముందుమాటలు నాలుగైదు ఉంటే అవి పక్కన పెట్టి మొదటి అధ్యాయం చూడండి.

ఏడాదికి 20 అనుకుంటే అన్నీ ఒకే బరువువి పెట్టుకోకండి. ఎనిమిది హాయిగా సాగిపోయేవి, ఆరు మీకు కొత్త విషయం చెప్పేవి, మూడు కవిత్వమో నాటకమో, రెండు మళ్లీ చదివేవి, ఒకటి లావుది. మళ్లీ చదివేవాటిని లెక్కలో కలపొద్దనే వాళ్లున్నారు. కలపాలి. ఇరవయ్యో ఏట చదివిన పుస్తకం నలభయ్యో ఏట వేరే పుస్తకం.

చాలాకాలం తర్వాత తెలుగు చదువుతున్నవాళ్లకి డెల్టాలో ఒక వీలుంది. మనం ఇంట్లో మాట్లాడే మాటకి దగ్గరగా రాసినవాళ్లు ఇక్కడే పుట్టారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లో సంభాషణలు పైకి చదివితే సగం అర్థం చెవికే తెలిసిపోతుంది. కథతో మొదలుపెట్టాలనుకునేవాళ్లకి పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' ఉంది. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి తెచ్చుకున్న కథ అది, ఒక్క కూర్చోడంలో అయిపోతుంది. నవలలు జంటగా చదవాలనుకుంటే 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' పెట్టుకోండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో బహుమతిని ఈ రెండూ పంచుకున్నాయి. ఒకే కాలాన్ని ఇద్దరు ఎంత వేరుగా చూశారో పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. అయితే ఒకే ఏడు రెండూ వద్దు. ఒక వేసవికి ఒకటి.

నచ్చని పుస్తకాన్ని ఎక్కడ వదలాలి? నవలకి నలభై పేజీలు ఇవ్వండి. కథల పుస్తకానికి మొదటి కథ, మధ్యలోంచి ఒకటి, చివరి కథ. కవిత్వానికి ఈ కొలత పెట్టొద్దు, పక్కన పెట్టి నెల తర్వాత మళ్లీ తెరవండి. వదిలేసినా చదివిన పేజీలు జమ రాసుకోండి. ఆ నలభై పేజీలు పోతాయన్న బాధతో రెండు వందలు ఈడ్చుకుంటూ చదివేవాళ్లు ఎందరో. ఏడాది లక్ష్యాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. నచ్చని పుస్తకం చేతిలో ఉన్న నెల మొత్తం ఏమీ చదవరు.

ఎక్కడ తెచ్చుకోవడం మేలు

ముందు ఊళ్లో శాఖా గ్రంథాలయం చూడండి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం, ఆ డబ్బుతో వచ్చిన పుస్తకాలవి. పొద్దున్న, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం మూస్తారు. చాలాచోట్ల శుక్రవారం సెలవు. సభ్యత్వానికి ధరావతు ఎంతో, ఒకసారికి ఎన్ని పుస్తకాలిస్తారో, గడువెంతో అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. మీ వేగంతో ఆ గడువుని గుణించి చూడండి. రోజుకి 16 పేజీలు చదివేవాళ్లకి రెండు వారాల్లో అయ్యేది 224 పేజీలే. నాలుగు వందల పేజీల నవల అక్కణ్ణుంచి తెచ్చుకుంటే మధ్యలో ఒకసారి రెన్యువల్ చేయించుకోవాలి. పాత పత్రికలూ ముద్రణలో లేని పుస్తకాలూ కావాలంటే రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. అరుదైనవి అక్కడే కూర్చుని చదువుకోడానికి ఒక రోజు పెట్టుకుని వెళ్లండి.

పాత పుస్తకాలు కొనేటప్పుడు ఒక్క పరీక్ష తప్పనిసరి. పుస్తకం సాధారణంగా 16 పేజీల కట్టలుగా కుడతారు, ఒక్కో కట్టని ఫారం అంటారు. 16, 32, 48 ఇలా ప్రతి ఫారం అంచు దగ్గరా పేజీ నంబరు వరస చూడండి. ఒక ఫారం ఊడిపోయి ఉండొచ్చు, బైండింగులో ఒకే ఫారం రెండుసార్లు పడి ఇంకోటి లేకపోయి ఉండొచ్చు. కొత్త పుస్తకాల్లోనూ ఇది జరుగుతుంది, కొన్న వారంలోపే చూసుకుంటే దుకాణంవాళ్లు మారుస్తారు.

పాతకాలం రచనల్ని ఫోనులో ఉచితంగా చదవొచ్చు. మన దేశంలో కాపీరైటు రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. బాపిరాజు 1952లో పోయారు కాబట్టి 2013 నుంచి, శ్రీపాద 1961లో పోయారు కాబట్టి 2022 నుంచి వాళ్ల రచనలు అందరివీ అయ్యాయి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసిన పాత ముద్రణలు దొరుకుతాయి. చిన్న తెరమీద ఆ స్కాన్లు కళ్లకి శ్రమ, ఫోను అడ్డంగా తిప్పి సగం పేజీ చొప్పున చదవాలి. దించుకోగానే మొదలూ చివరా తెరిచి చూడండి, పేజీలు లేని స్కాన్లున్నాయి. హక్కులు పోయిన పుస్తకాన్ని ఎవరైనా వేయొచ్చు గనక ఇప్పుడు ఒకే నవల నాలుగు రకాలుగా దొరుకుతోంది. చవకదని కొనేముందు రెండు పేజీలు చదివితే అచ్చుతప్పులు ఎన్నో తెలిసిపోతుంది.

ఖర్చు తగ్గాలంటే పుస్తకాల చీటీ వేసుకోండి. అయిదుగురు తలో రెండు పుస్తకాలు కొని, అయిదు వారాలకొకసారి జత మార్చుకుంటే 25 వారాల్లో ప్రతి ఒక్కరూ పది చదువుతారు. రెండు చీటీలు పాడితే ఏడాదికి ఇరవై. అట్ట లోపల కొన్నవాళ్ల పేరు, మార్చుకునే తేదీలు ముందే రాయాలి. గడువుకి పూర్తి కాకపోయినా పుస్తకం చేతులు మారాల్సిందే, లేకపోతే రెండో వంతుకే చీటీ ఆగిపోతుంది.

కొన్నవి నిలవాలంటే మన తేమని మరిచిపోకూడదు. గోడకి మూడంగుళాలు ఎడంగా బీరువా, కింది అర నేలకి అడుగు ఎత్తున. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో బిగించి పెడితే లోపలి తేమకి బూజు పడుతుంది. లంక గ్రామాల్లో వరద హెచ్చరిక రాగానే పుస్తకాలు అటకెక్కించండి. తడిసినదాన్ని ఎండలో పడేస్తే కాగితం వంకర తిరుగుతుంది. నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి.

వెనకబడితే

నోటు పుస్తకంలో తేదీ, పుస్తకం పేరు, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా, ఒక్క వాక్యం. ఇంతకు మించి రాయొద్దు, రాయాల్సింది పెరిగితే రాయడమే మానేస్తాం. నెలాఖరున కూడిక.

ఆగస్టు చివర ఒకసారి నికరంగా చూసుకోండి. లక్ష్యం 4,500, అయినవి 2,400 అనుకుందాం. మిగిలినవి 2,100. సెప్టెంబరు నుంచి డిసెంబరుకి 122 రోజులు, మాసూళ్లకీ పండగలకీ 30 తీసేస్తే 92. రోజుకి 23 పేజీలు చదవాలి. మీ అరగంట వేగం 16 అయితే అది జరగదు. రోజుకి 16 చొప్పున 1,472 అవుతాయి, కాబట్టి లక్ష్యాన్ని 3,900కి దించి కొత్త అంకె రాసుకోండి. దించకుండా పట్టుబడితే జరిగేది తెలిసిందే: డిసెంబరులో పలచటి పుస్తకాలు పోగేసి, ఏమీ గుర్తుండకుండా తిరగేయడం. ఇంకో పావుగంట కలపగలిగితే రోజుకి 24 పేజీలవుతాయి, అప్పుడు పాత అంకె అలాగే ఉంచుకోవచ్చు. వారం రోజులు కలిపి చూసి, కుదిరాకే నిర్ణయించుకోండి.

డిసెంబరు 31కి సగంలో ఉన్న పుస్తకాన్ని ఆ రాత్రికి ముగించాలని కూర్చోవద్దు. అయిన పేజీలు ఈ ఏడాది లెక్కలో, మిగతావి వచ్చే ఏడాది లెక్కలో రాసుకుని, పేజీ దగ్గర గుర్తు పెట్టి మూయండి. ముక్కనుమ మర్నాడు అక్కణ్ణుంచే తెరవొచ్చు.